గొయ్యి మీదుగా ఇచ్చిన కోడి

స్తాంకా పొద్దున్నే లేచి మొదట చేసే పని కోళ్ళగూడు తలుపు తీయడం. ముఖం కడుక్కోవడం, పొయ్యి రాజెయ్యడం, మంచంలో ఉన్న అత్తగారి చేత తిట్లు తినడం, అన్నీ ఆ తర్వాతే. తవుడులో ఉడికిన బంగాళాదుంప తొక్కలు కలిపి, గిన్నెను తొట్టి అంచుకి కొట్టిందంటే పదకొండు కోళ్ళూ కాళ్ళకి అడ్డం పడుతూ వచ్చేవి. మార్చి నెలాఖరులో ఒకరోజు పదే వచ్చాయి. నల్లది రాలేదు.

అది గూట్లోనే ఉంది. గోడకి చేరబడి, తోక నేలకి ఆన్చి, నిండు గర్భిణి నిలబడ్డట్టు నిలబడి ఉంది. తురాయి రంగు వెలిసిపోయింది. స్తాంకా వెల్లుల్లి ముద్దలు మింగించింది. ప్లమ్ సారా ఒక చుక్క గొంతులో పోసింది. రెండు రోజులైనా గుణం కనబడలేదు. ఇక లాభం లేదని, ఆమె మొగుడు మారిన్ వెళ్ళి వీధి చివరున్న జంఫీరాని పిలుచుకొచ్చాడు.

జంఫీరా ఒంటరి విధవరాలు. ఊళ్ళో పెళ్ళికీ పేరంటానికీ ఆమె ఎవరికీ గుర్తుండదు. కోడి మెడ వాల్చిందంటే మాత్రం అందరికీ గుర్తొస్తుంది. ఎంత పెద్ద వైద్యం చేసినా ఒక గిన్నెడు మొక్కజొన్న పిండి చేతిలో పెట్టి పంపేస్తారు, దానికే ఆమె సంతోషపడాలి.

ఆమె కోడిని ఒళ్ళో పెట్టుకుని మెడ కింద సంచి తడిమింది. ఖాళీగా ఉంది, కాబట్టి మేత అడ్డం పడలేదు. వేలికి నూనె రాసుకుని వెనక చూసింది. గుడ్డు ఇరుక్కోలేదు. రెట్టను పుల్లతో కెలికింది. పురుగులు లేవు. కళ్ళు శుభ్రంగా ఉన్నాయి, ఈకల్లో పేలు లేవు. చివరికి అరచేయి కడుపు కింద పెట్టి మెల్లగా ఊపింది. లోపల నీళ్ళు బళక్కుమన్నాయి.

"ఇది కోడి జబ్బు కాదక్కా," అంది జంఫీరా. "మీ ముగ్గురిలో ఎవరిదో."

ఆ మాటకి ఎవరూ కంగారుపడలేదు. ఆ ఊళ్ళో రోగం ముందు కోడికే వస్తుంది. కోడి బతికున్నంత కాలం రోగం కోడిలోనే ఉంటుంది, అది చచ్చిన రోజున అసలు మనిషిలోకి దిగుతుంది. కోడి ఇల్లు మారి, ఇంకొకరి గూట్లో పడుకోవడం అలవాటు చేసుకుంటే రోగం ఆ ఇంటివాళ్ళదవుతుంది. అందుకే అక్కడ జబ్బు కోడిని ఊరికే ఇచ్చినా పుచ్చుకోరు.

ఎవరిదో తేల్చడం ఎంతసేపు? కోడి ఎవరి దగ్గర కుదురుకుంటే వాళ్ళదే. జంఫీరా దాన్ని మారిన్ ఒళ్ళో పెడితే దిగిపోయింది. అత్తగారు ఊత్సా పక్కన, మంచం మీద పెడితే ముసలమ్మ వేలు పొడిచింది. స్తాంకా మాత్రం అది అత్తగారిదేనని మనసులో మొక్కుకుంటూ కూచుంది, ఎనభై ఏడేళ్ళ మనిషికి రోగం వస్తే న్యాయమే కదా అని. కోడిని తన ఒళ్ళో పెట్టేసరికి అది చంకలోకి తల దూర్చి నిద్రపోయింది.

ముసలమ్మ నవ్వీ నవ్వీ పొలమారి దగ్గింది. "నన్నెప్పుడు సాగనంపుదామా అని ముప్పై ఏళ్ళుగా చూస్తున్నావుగా కోడలా. పద, దారిలో నా మూట మోద్దువు గాని."

జంఫీరా లావుపాటి సూదితో గిన్నెడు నీళ్ళు తీసింది. రోజు విడిచి రోజు వచ్చి తీస్తానంది. "దాని గుండె నీళ్ళలో ఈదుతోందక్కా. ఎక్కువ నడవనివ్వకు. కదలకుండా కూచోబెట్టి సాకితే మూడేళ్ళు లాగుతుంది. నాలుగైనా లాగొచ్చు."

మూడేళ్ళు! స్తాంకాకి యాభై నాలుగు. అత్తగారు పోయాక తన ఇంట్లో తను కాలు చాపుకుని కూచుందామనుకున్న మనిషి. భయం ముందు వచ్చింది, దాని వెనకే ఏడుపులాంటి కోపం వచ్చింది. చంటిపిల్లకి పట్టినట్టు కోడికి చెంచాతో నీళ్ళు పడుతున్న జంఫీరాని చూస్తుంటే ఆమె కడుపు మండిపోయింది. వెనకా ముందూ ఎవరూ లేని ఈ విధవరాలికి ఇంత ఆరోగ్యం దేనికి అనుకుంది. అలా అనుకున్నందుకు సిగ్గుపడలేదు కూడా.

ఈస్టరుకి ముందు ముసలమ్మ పోయింది. శవపేటికని దించాక గొయ్యి మీదుగా ఒక బతికున్న కోడిని అవతలి ఒడ్డున నిలబడ్డ పేదవాళ్ళకి దానం ఇస్తారు. ఆ కోడి పైలోకంలో పోయినవాళ్ళ ముందు నడిచి, దారిలో ముళ్ళు గీరి పక్కకి తోస్తుందట. ఆ దానం కాదనకూడదు. కాదంటే చచ్చినవాళ్ళకి దారి ఉండదు. మామూలుగా గొయ్యి తవ్వినవాడికే ఇస్తారు. స్తాంకా పట్టుబట్టి జంఫీరాని నిలబెట్టింది.

"ఎర్రదాన్ని ఇవ్వరాదూ, పుష్టిగా ఉంది," అన్నాడు మారిన్. స్తాంకా గంప మూత తీసి నల్లదాన్ని పైకెత్తేసరికి ఫాదరీగారికి కొవ్వొత్తి వత్తి సరిచేసే పని పడింది. తక్కినవాళ్ళు బూట్లకంటిన మట్టి చూసుకున్నారు.

చేతిలోకి రాగానే జంఫీరాకి బరువు తెలిసిపోయింది. గొయ్యి మీదుగా స్తాంకా ముఖంలోకి చూసింది. "పోయినవాళ్ళకి అందుగాక," అని, కోడిని పైటలో కప్పుకుంది.

ఆ మధ్యాహ్నం స్తాంకా క్యాబేజీ ఆకులో చుట్టిన మాంసం ఏడు ముక్కలు తిని, ఎన్నాళ్ళకో హాయిగా ఊపిరి తీసుకుంది. పొద్దు వాలేవేళ కోళ్ళని మూయబోతే, నల్లది గేటు దగ్గర ఉంది. రొప్పుతోంది.

దాన్ని చంకన పెట్టుకుని పరుగున జంఫీరా ఇంటికి వెళ్ళింది. జంఫీరా గడపలో కూచుని మొక్కజొన్న సంకటి తింటోంది.

"కొత్త కోడిని పొయ్యి చుట్టూ మూడుసార్లు తిప్పితేగాని పాత ఇల్లు మరిచిపోదని నీకు తెలీదూ? తిప్పలేదేం?" అని నిలదీసింది స్తాంకా.

"దానం పుచ్చుకోవాలని ఉంది ఆనవాయితీ. పొయ్యి చుట్టూ తిప్పాలని లేదు."

"తలుపైనా వేసుకోవచ్చుగా."

"నా గూటికి తలుపెప్పుడుందక్కా?" అంది జంఫీరా. కోడి వంక చూసి గొంతు తగ్గించింది. "మళ్ళీ నీరు పట్టింది. ఈ కోడి నాదే అని నువ్వు ఒక్క మాట అను. ఇప్పుడే తీస్తాను. మూడేళ్ళూ తీస్తాను."

స్తాంకా కోడిని గడపలో దించేసి వచ్చేసింది.

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. జంఫీరా ఇంటి నుంచి స్తాంకా ఇంటికి మూడొందల అడుగులు. రోజూ పొద్దు వాలేసరికి నల్లకోడి ఆ వీధంతా నడుచుకుంటూ వచ్చేది, పొట్ట నేలకి రాస్తూ, పది అడుగులకోసారి ఆగుతూ. బండ్లవాళ్ళు గుర్రాల్ని ఆపి దారిచ్చేవాళ్ళు. అరుగుల మీది ఆడవాళ్ళు కాళ్ళు ముడుచుకునేవాళ్ళు. పొద్దు పూర్తిగా గుంకకముందే స్తాంకా దాన్ని ఎత్తుకెళ్ళి ఆ గడపలో పడేసేది. "దాన్ని నడిపించి చంపుతున్నావే," అని మారిన్ మొత్తుకున్నాడు. చస్తే అక్కడే చావనీ అంది.

ఏడో రోజు స్తాంకా గేటు మూసి గడియ పెట్టి, ఇవతల నిలబడింది. కోడి రావడం సందులోంచి కనబడుతూనే ఉంది. దాని వెనక నాలుగడుగుల దూరంలో జంఫీరా వస్తోంది. తోలడంలేదు, ఆపడంలేదు. చేతిలో సూది ఉంది.

కోడి గేటు దాకా వచ్చి చతికిలబడింది.

"ఇప్పటికైనా అనక్కా," అంది జంఫీరా అవతలి నుంచి. "నాదే అను, చాలు."

స్తాంకా నోరు తెరిచింది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంటే మూడేళ్ళు. అనకుండా ఒక్క పావుగంట ఓపిక పడితే, కోడి వీధిలో పోతుంది, రోగం తన గడప తొక్కదు, తనకి ముప్పై ఏళ్ళు. నోరు మూసేసుకుంది.

కోడి గేటు కిందున్న జానెడు సందులోకి మెడ చాపింది. లోపలికి తల దూర్చి, స్తాంకా చెప్పు మీద ఆన్చి, కళ్ళు మూసుకుంది. ఆ తర్వాత ఇక తెరవలేదు.

జంఫీరా సూదిని పైట అంచుకి గుచ్చుకుని వెనక్కి తిరిగింది. స్తాంకా అక్కడే నిలబడి, బిగుసుకుపోతున్న లంగా నాడా వదులు చేసుకుంది. గుమ్మందాకా వెళ్ళేలోపు ఇంకోసారి వదులు చేసుకోవాల్సి వచ్చింది.

జూన్ నెలలో, చెర్రీలు పండే రోజుల్లో, మారిన్ భార్య గొయ్యి మీదుగా ఎర్రకోడిని ఇచ్చాడు. ఎవరూ పిలవకుండానే జంఫీరా వచ్చి అవతలి ఒడ్డున నిలబడింది. ఇంటికి తీసుకెళ్ళి, మెడ తడిమి, కడుపు కింద చెయ్యి పెట్టి చూసింది. నిక్షేపంగా ఉంది. అప్పుడు దాన్ని చంకన పెట్టుకుని పొయ్యి చుట్టూ మూడుసార్లు తిప్పింది.