ఏ మందూ కలపని ఆరో తొట్టి

మా ప్రయోగశాలలో ఆరు తొట్లున్నాయి. అయిదింటిలో అలసంద చేలమీద చల్లే పురుగుమందును వేర్వేరు మోతాదుల్లో కలిపాను. ఆరోదానిలో మంచినీళ్లే, తక్కిన తొట్లలోని చేపల రక్తాన్ని దీనిలోని చేపల రక్తంతో పోల్చాలి. మంగళవారం ఉదయం ఆ ఆరో తొట్టిలోని మీసాల చేపల రక్తంలో చక్కెర ఉండవలసినదానికి రెండింతలుంది. మాంసకృత్తులు పడిపోయాయి. నరాలను అదుపులో ఉంచే ఎంజైము సగానికి తగ్గింది. మూడుసార్లు కొలిచాను, మూడుసార్లూ అంతే. మందు నా దగ్గర తగలలేదంటే, అంతకుముందే తగిలి ఉండాలి.

ఆ చేపలను నాకు అమ్మినది నా తమ్ముడి భార్య వాండూన్. ఆమె కోడలు మిమిడూకు ఏడో నెల. నాలుగు రోజులుగా వాండూన్ ఆమెకు అవే చేపల పులుసు పెడుతున్నది. కిరాయి మోటారు సైకిలెక్కి కత్సినా ఆలా నది ఒడ్డున ఉన్న వాళ్ల ఇంటికి బయలుదేరాను.

నేను వెళ్లేసరికి మిమిడూ ముందు దంచిన పెండలం ముద్ద, పులుసు గిన్నె ఉన్నాయి.

"ఆగమ్మా, అది తినకు. ఆ చేపల నెత్తుట్లో పురుగుమందుంది."

వాండూన్ నవ్వింది. "చదువు ముదిరి చేపలకు కూడా వైద్యం మొదలెట్టావా వదినా? అవి తోక కొడితే నా గుడ్డలన్నీ తడిసిపోయాయి. మందు తిన్నది అట్లా ఎగురుతుందా?"

ఎగిరే చేప శుభ్రమైనదని మా ఒడ్డున అందరి నమ్మకం. నేనూ అలాగే నమ్మి కొన్నాను. నది తగ్గి మడుగులు మిగిలినప్పుడు, ఓపిక లేనివాడు మడుగులో కాస్త మందు పోస్తాడు. మత్తెక్కి తేలిన చేపలను వెంటనే మంచినీళ్లలో వేస్తే చాలావాటికి కదలిక తిరిగి వస్తుంది. రక్తం మాత్రం చాలా రోజులకుగాని తేరుకోదు.

చేపలు పట్టేది వాండూన్ కొడుకు, మిమిడూ భర్త తెర్హెంబా. గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"ఒక ముక్క నువ్వు తినరా," అన్నాను.

"ఆకలిగా లేదత్తా."

"పొద్దుట్నుంచీ ఆకలని నా ప్రాణం తీస్తున్నావుగా," అంది వాళ్లమ్మ.

అతడు దగ్గరకు వచ్చి గిన్నెలోకి చూశాడు. "అమ్మా, ఇవి ఏ తొట్టిలోవి?"

"నీలం దాంట్లోవి."

"తనకు నల్ల డ్రమ్ములోవి వండమన్నాను కదా. బుట్ట పెట్టి పట్టి, తనకోసమే విడిగా ఉంచాను."

"అవి బక్కచిక్కినవిరా. కడుపుతో ఉన్నదానికి బలం ఉండాలని, అమ్మకానికి పెట్టినవాటిలో బాగా ఎగిరేవే ఏరి తెచ్చాను."

మిమిడూ గిన్నెను వేలితో దూరంగా నెట్టింది. "అంటే నీలం తొట్టిలోవి తినకూడదని నీకు తెలుసు. తెలిసే బజారుకు పంపావు."

"ఎక్కువ పోయలేదు. మడుగుకు ఒక్క మూతెడు."

"నాలుగు రోజులు తిన్నాను నేను."

ఆమె నెత్తురులోనూ అదే ఎంజైమును ఇవాళే కొలిపించాలని చెప్పాను. ఆమె లేచి, భర్త అందించిన చేతిని పట్టుకోకుండా, నేను వచ్చిన మోటారు సైకిలు వైపు నడిచింది.

వాండూన్ నీలం తొట్టిమీద మూత పెట్టి, దానిమీద రోకలి అడ్డంగా ఉంచింది. "నువ్వు మిమిడూను ఆస్పత్రికి తీసుకెళ్లు వదినా. ఎవరెవరు కొన్నారో నాకు గుర్తే." కొడుకు వైపు తిరిగింది. "నడు. ఇళ్లు నేను చూపిస్తాను. మందు సంగతి ప్రతి గుమ్మంలోనూ నువ్వే చెప్పాలి."