రెండో సైడులో దగ్గు

జాజ్ సంగీతం అంటే మా ఆయన చెవి కోసుకుంటారు. కోసుకున్న చెవితో వినడం ఎలాగండీ అని చాలాసార్లు అడిగాను. నవ్వరు. మిగతా విషయాల్లో నవ్వే మనిషే, జాజ్ దగ్గర మాత్రం నవ్వు రాదు.

ఆయనకు కళ్ళద్దాల షాపు ఉంది. పగలంతా జనానికి అక్షరాల బోర్డు చూపించి, అద్దాలు మార్చి మార్చి పెట్టి, "ఇప్పుడు బాగుందా, ఇందాక బాగుందా?" అని అడుగుతారు. సాయంత్రం ఇంటికొచ్చి రికార్డులు మార్చి మార్చి వేసి నన్ను అదే అడుగుతారు. రెండూ ఒకే పాట. ఒకే మనుషులు ఒకే రోజు వాయించింది. ఒకటి ముందు అచ్చయిందట, ఇంకోటి తర్వాత అచ్చయిందట. నేను బడిలో లెక్కలు చెబుతాను. సమానంగా ఉన్న రెండిటిలో ఏది పెద్దదని అడిగితే నాకు ఒళ్ళు మండుతుంది.

మా ముందుగది మాది కాదు, రికార్డులది. వాటిని పుస్తకాల్లా నిలబెట్టే ఉంచాలి, పడుకోబెడితే వంగిపోతాయట. కిటికీ తెరవకూడదు, దుమ్ము. ఫ్యాన్ వేయకూడదు, చప్పుడు. కొత్తది కొన్న రోజు ముందు అట్ట వాసన చూస్తారు. తర్వాత దీపం కింద వాల్చి పట్టుకుని గీతలు వెతుకుతారు. ఆ తర్వాత మెత్తటి గుడ్డతో తుడుస్తారు. మా అమ్మాయి పుట్టినప్పుడు కూడా అంత జాగ్రత్తగా ఎత్తుకోలేదు.

ఆదివారం సాయంత్రాలు ఇద్దరు మిత్రులు వస్తారు. ఒకాయన పళ్ళ డాక్టరు. ఇంకొకాయన కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి, ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు. ముగ్గురూ కళ్ళు మూసుకుని కూర్చుంటారు. పెళ్ళైన కొత్తలో ఒకసారి పాపం నిద్రపోయారనుకుని లైటు ఆర్పేశాను. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. ఆ రోజు పాట ఇంకా బాగా వినపడిందని చెప్పుకున్నారు.

డాక్టరు దగ్గర మా ఆయనకన్నా ఎక్కువ రికార్డులున్నాయి. పెద్దాయనకు ఇద్దరికన్నా ఎక్కువ తెలుసు. అయినా ఈ ముగ్గురిలో పైచేయి మా ఆయనదే. కారణం ఒక దగ్గు.

మా పెళ్ళైన ఏడాది, ఒక ఫర్నిచర్ షాపు కింద నేలమాళిగలో చిన్న హాలు ఉండేది. అక్కడ కచేరీకి నన్ను తీసుకెళ్ళారు. పియానో, సాక్సోఫోన్, డ్రమ్స్, బేస్. బేస్ అంటే మనిషికన్నా పొడుగున్న వయొలిన్ లాంటిది, పక్కన నిలబడి వేళ్ళతో లాగుతారు. దాన్ని వాయించింది ఒక ముసలాయన. ఆ కచేరీని రికార్డు చేసి అచ్చు వేశారు, అదీ కొద్ది కాపీలే. ముసలాయన తర్వాత కొన్నాళ్ళకే పోవడంతో ఆ రికార్డుకు ఎక్కడలేని గిరాకీ వచ్చింది. దాని రెండో సైడులో ఒక మెల్లటి పాట ఉంది. మధ్యలో మిగతా ముగ్గురూ ఆపేసి బేస్ ముసలాయన్ని ఒంటరిగా వదిలేస్తారు. ఆయన తన ధోరణిలో వాయించుకుంటూ పోయి ఒకచోట ఆగిపోతారు. ఆ నిశ్శబ్దంలో వింటున్నవాళ్ళలో ఎవరో దగ్గుతారు. చిన్న దగ్గు. దానికి జవాబు చెప్పినట్టుగా బేస్ మళ్ళీ అందుకుంటుంది.

ఆ దగ్గు మా ఆయనదని జాజ్ వినేవాళ్ళందరికీ తెలుసు. ఆ దగ్గు నాదని నాకొక్కదానికే తెలుసు.

ఆ రోజు నాకు విపరీతమైన జలుబు. మొదటి పాట నుంచీ దగ్గు ఆపుకోలేక నానా తంటాలు పడుతున్నాను. ముందు వరుసవాళ్ళు వెనక్కి తిరిగి చూస్తున్నారు. చివరికి మా ఆయన లేచి, మందుల షాపుకు వెళ్ళి దగ్గుబిళ్ళలు తెస్తానని బయటికి వెళ్ళారు. ఆయన మెట్లెక్కాక ఆ మెల్లటి పాట మొదలైంది. తిరిగొచ్చేసరికి చప్పట్లు కొడుతున్నారు. ఇంతే జరిగింది.

తర్వాత ఏడాది రికార్డు కొనుక్కొచ్చి వేస్తే, సరిగ్గా అక్కడ దగ్గు వినపడింది. ఆయన కుర్చీలోంచి లేచి, "నేనే! విన్నావా, అది నేనే!" అన్నారు. ఆ మొహం ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది. నా జలుబు ఆయనకంటుకుని ఆ వారమంతా ఆయనా దగ్గారు, అక్కడ పొరపడ్డారు. బయటికెళ్ళింది విరామంలో అని మనసులో సర్దేసుకున్నారు. అంత సంబరపడుతున్న మనిషితో కాదని ఎలా అంటాను? రేపు చెబుదామనుకున్నాను. రేపటికి డాక్టరుకు తెలిసిపోయింది.

ఇక ఆ దగ్గుకు పట్టిన యోగం చెప్పనలవి కాదు. డాక్టరు దాన్ని తాళంతో సహా లెక్కగట్టి, సరిగ్గా పడాల్సిన చోటే పడిందని తేల్చారు. పెద్దాయన వినేవాడు కూడా ఒక వాయిద్యమేనని వాళ్ళ జాజ్ అభిమానుల సంఘం పత్రికలో పెద్ద వ్యాసం రాశారు. అప్పటి నుంచీ ఏ కచేరీలో రికార్డింగు మైకు కనపడినా డాక్టరు గొంతు సవరించుకుని కూర్చుంటారు. ఇప్పటికి ఒక్కదాంట్లోనూ పడలేదు. దగ్గినావిడ మాత్రం వంటింట్లో వీళ్ళందరికీ టీలు పెడుతూ ఉండిపోయింది.

మొన్నామధ్య ఆ రికార్డును మళ్ళీ అచ్చు వేస్తున్నామని కంపెనీవాళ్ళు ఫోన్ చేశారు. పాత అట్ట ఫోటో తీసి పంపమన్నారు. మా ఆయన గాల్లో తేలిపోతూ, "మరి దగ్గు ఎలా వచ్చిందండీ?" అని అడిగారు.

"ఏ దగ్గండీ?" అంది అవతల సౌండ్ ఇంజనీరమ్మ. "ఓ, అదా. టేపు అక్కడ పాడైపోయిందండీ. ఆ ముక్క తీసేసి, ఖాళీ చోటు అతికించేశాం. ఇప్పుడు శుభ్రంగా ఉంది."

ఆయన ఫోన్ పట్టుకునే కుర్చీలో కూలబడ్డారు. కొంప మునిగినంత పనైంది. ఆ దగ్గు లేకపోతే ఆయన రికార్డులు కొనుక్కునే ఒక కళ్ళద్దాల షాపాయన, అంతే. ఆ సంగతి నాకన్నా ఆయనకే బాగా తెలుసు. రెండు రోజులు అన్నం సయించలేదు. మూడుసార్లు ఫోన్ చేసి బతిమాలితే, చివరికి ఇంజనీరమ్మ విసిగిపోయి, "అంత కావాలంటే మీరే వచ్చి మళ్ళీ దగ్గండి, కలిపేస్తాను" అంది. ఆవిడ వేళాకోళానికి అని ఉంటుంది. మా ఆయన తేదీ అడిగారు.

ఆ వారమంతా ఇంట్లో సాధన. స్నానాల గదిలో దగ్గు, షాపులో దగ్గు. పక్కింటావిడ ఆగలేక, "మీ ఆయనకు ఒకసారి ఊపిరితిత్తులు చూపించకూడదా?" అని అడిగింది. డాక్టరు వచ్చి చల్లని నీళ్ళు మానేయమన్నారు. పెద్దాయన పాత రికార్డు వేసి విని, తల అడ్డంగా ఊపి, "వయసులో ఉన్నప్పటి దగ్గు. అది తేవడం కష్టం నాయనా" అన్నారు. నాకు చెప్పేయాలనిపించింది. గొంతు కోసం మా ఆయన మెడకు చుట్టుకున్న మఫ్లరు చూసి ఊరుకున్నాను.

స్టూడియోకు నన్నూ తీసుకెళ్ళారు. గోడలకు స్పాంజి అతికించిన ఇరుకు గది. మధ్యలో మైకు ముందు మా ఆయన, మూలన స్టూలు మీద నేను. అద్దానికి అవతల ఇంజనీరమ్మ తల వంచుకుని మీటల మీద వేళ్ళు ఆడిస్తోంది. మా ఆయన దగ్గారు.

"బరువుగా ఉంది సార్" అని స్పీకర్లో వినపడింది.

మళ్ళీ దగ్గారు.

"ఇది గొంతు సవరించుకోవడం సార్. దగ్గండి."

దగ్గి దగ్గి ఆయన మొహం కందిపోయింది. ఏ దగ్గూ అక్కడ అతకడం లేదు. ఇంతలో ఏసీ గాలి తిన్నగా నా నెత్తిన పడి గొంతులో గరగర మొదలైంది. పమిట నోట్లో కుక్కుకున్నాను, ఊపిరి బిగబట్టాను, ఇక నా వల్ల కాలేదు.

దగ్గాను. చిన్న దగ్గే.

"ఇదీ!" అంది స్పీకర్లో ఇంజనీరమ్మ, తల ఎత్తకుండానే. "సరిగ్గా సరిపోయింది సార్. చూశారా, మనసు పెడితే వస్తుంది. ఇక చాలు."

మా ఆయన మెల్లగా నా వైపు తిరిగారు. నేను తేలు కుట్టిన దొంగలా స్పాంజి గోడ వైపు చూశాను.

బస్సెక్కాం. సగం దూరం వచ్చాక మా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూనే అడిగారు.

"అది నీదా?"

"నాదే."

"మరి నేనేం చేస్తున్నాను?"

"దగ్గుబిళ్ళల కోసం వెళ్ళారు."

"ఎప్పుడొచ్చాను?"

"చప్పట్లప్పుడు."

ఎందుకు చెప్పలేదని కోప్పడతారనుకున్నాను. దానికి జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆయన అదేమీ అడగలేదు. "అంటే ఆ పాట నేను వినలేదన్నమాట" అన్నారు. ఇంకో రెండు స్టాపులు దాటాక మళ్ళీ అదే మాట అన్నారు. దగ్గు పోయినందుకు కాదు ఆయన బాధ. ఆ బేస్ ఎదురుగా వినడం ఎలా ఉంటుందో ఇన్నేళ్ళుగా అందరికీ వర్ణించి చెప్పారు, కళ్ళల్లో నీళ్ళతో సహా. ఆ సమయంలో ఆయన మందుల షాపులో చిల్లర కోసం నిలబడి ఉన్నారు. నాకు చాలా జాలేసింది. చెప్పకుండా ఉండాల్సింది కాదేమో, చెప్పకుండానే ఉండిపోవాల్సిందేమో, ఏదీ తేలలేదు.

కొత్త రికార్డు వచ్చిన ఆదివారం ఇద్దరు మిత్రులూ పెందలాడే వచ్చేశారు. రెండు స్పీకర్లకూ సమదూరంలో ఉండే కుర్చీ మా ఆయనది, అందులో ఎవరూ కూర్చోరు. ఆ రోజు ఆయన దాని అంచున కూర్చున్నారు. డాక్టరు సూది పెట్టారు. నేను టీ పళ్ళెంతో గుమ్మంలో ఆగిపోయాను. బేస్ వాయించి వాయించి ఆగింది. నా దగ్గు వినపడింది.

"అన్నయ్యా" అన్నారు డాక్టరు గద్గదంగా, "ఇన్నేళ్ళైనా నీ దగ్గు చెక్కు చెదరలేదు."

మా ఆయన తల ఊపేస్తారనే అనుకున్నాను. ఊపితే ఊపనీ అని కూడా అనుకున్నాను. కానీ పళ్ళెం పట్టుకుని ఆయన నోటి వైపే చూస్తున్నాను. ఒక దగ్గు కోసం ఇంత ఆశ పడతానని నాకే తెలియదు.

"అది నాది కాదు" అన్నారు మా ఆయన. "ఈవిడది. అప్పుడూ, ఇప్పుడూ ఈవిడదే."

ఇద్దరూ నవ్వారు. డాక్టరు సూది ఎత్తి, "బాగుంది. వదినకు జాజ్ అంటేనే తలనొప్పి కదా" అన్నారు. పెద్దాయన నా వైపు దయగా చూసి, "అమ్మా, ఏమీ అనుకోకు. ఆ దగ్గులో వినికిడి ఉంది. లీనమై వినేవాడు తప్ప అలా దగ్గలేడు" అన్నారు.

పళ్ళెం వాళ్ళ నెత్తిన బోర్లించాలనిపించింది. నా ముక్కు, నా గొంతు, నా జలుబు. అది నాదని ఒప్పుకోవడానికి వీళ్ళకు నాలో అర్హత కనపడలేదు. నోరు తెరవబోతుంటే మా ఆయనే మళ్ళీ అన్నారు.

"నేను ఈ పాట వినలేదు. అప్పుడు హాల్లోనే లేను. ఈవిడకు మందు కొనడానికి వెళ్ళాను. వచ్చేసరికి అయిపోయింది."

డాక్టరు మొహం మాడిపోయింది. వీళ్ళ లోకంలో వినని కచేరీ విన్నామని చెప్పుకునేవాళ్ళు కోకొల్లలు. ఇలాంటి కచేరీ వినలేదని అబద్ధం చెప్పేవాడు ఇంతవరకూ పుట్టలేదు. అందుకే వెంటనే నమ్మేశారు. నా గొంతు చెప్పలేనిది ఆయన పోగొట్టుకున్న పరువు చెప్పింది. తలదించుకుని కూర్చున్న ఆ మనిషిని పెళ్ళైన ఇన్నేళ్ళలో నేను అంతగా ప్రేమించిన రోజు లేదు.

పెద్దాయన ముందు తేరుకున్నారు. మా ఆయన్ని భుజం పట్టుకుని ఆ కుర్చీలోంచి లేపారు. "రా అమ్మా, ఇలా కూర్చో" అని నన్ను అందులో కూర్చోబెట్టారు. మా ఆయన గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నారు.

"వదినా," డాక్టరు ముందుకు వంగారు, "మీరొక్కరే మిగిలారు. ఆ రోజు ఆ బేస్ ఎదురుగా ఎలా వినపడింది?"

ముగ్గురూ నన్నే చూస్తున్నారు. మా ఆయన మరీను. తను పోగొట్టుకున్నది నా నోటి నుంచైనా దొరుకుతుందేమోనన్నట్టు చూస్తున్నారు. ఏదో ఒకటి అల్లి చెప్పవచ్చు, ఆయన ఇన్నేళ్ళు చెప్పిందంతా నాకు కంఠతా వచ్చు. కానీ నిజం చెప్పిన మనిషి ఎదురుగా అబద్ధం నోటికి రాలేదు.

"నాకేం వినపడలేదు డాక్టరుగారూ. జలుబుకు రెండు చెవులూ దిబ్బడేశాయి. పైన వాన పడుతోంది, ఈయన గొడుగు లేకుండా వెళ్ళారు. ఎప్పుడొస్తారా అని మెట్ల వైపే చూస్తూ కూర్చున్నాను."

డాక్టరు నుదురు పట్టుకున్నారు. పెద్దాయన కళ్ళద్దాలు తీసి, వాటిని తుడవడం కూడా మరిచిపోయి చేతిలో పట్టుకున్నారు. మా ఆయన చాలాసేపు నా మొహంలోకి చూశారు. తర్వాత డాక్టరు వైపు తిరిగి అన్నారు.

"మొదటి నుంచి పెట్టు డాక్టరూ. ఇది నేను ఇంకా వినలేదు."