సూ-చిన్ లేకపోయినా

వానాకాలంలో తైనాన్ నగరంలో ఏ వీధి మునిగిందో, వరద నీళ్ళు తోడే ఏ మోటారు తిరగడం లేదో పటం మీద చూపించే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. దానికి కంపెనీ లేదు, జీతాలు లేవు. ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు ఆదివారాలు పోగై కట్టారు. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, విప్పి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు. కట్టడానికి అందరూ ముందే. అదెలా వాడాలో రాయమంటే మాత్రం ఒక్కొక్కరికీ ఒక్కో పని గుర్తొస్తుంది. అందుకని ఆ వాడుక పుస్తకం మొదటినుంచీ సూ-చిన్ నెత్తినే పడింది.

ఆమె బడిలో లైబ్రేరియన్. రేపు కంటి ఆపరేషన్. ఆ తరువాత కొన్ని నెలలు కంప్యూటర్ తెర వంక చూడకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. తుఫాన్లేమో డాక్టరు మాట వినవు. అందుకే ఈ ఆదివారం ఆమెకు ఒకటే కోరిక. కొత్త మనిషెవరైనా, తనను ఒక్క మాటా అడగకుండా, పుస్తకం చూసి దీన్ని నడిపించాలి. అది జరిగితే నిశ్చింతగా వెళ్ళి పడుకోవచ్చు.

కొత్త మనిషి దొరికింది. లోతట్టు వార్డుకు పెద్ద, మెయ్-ఫాంగ్. పోయినేడు మోకాటి లోతు నీళ్ళలో ఇంటింటికీ తిరిగిన మనిషి. ఆఫీసు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చేసింది. ఈ సాఫ్ట్‌వేర్‌లో సగం రాసిన పో-లిన్, ఆచారం తప్పకుండా, దాని పక్కన కొబ్బరి రుచి చిరుతిండి పొట్లం పెట్టాడు. అది దగ్గరుంటే యంత్రాలు బుద్ధిగా ఉంటాయని అక్కడి ఇంజినీర్ల నమ్మకం.

"పచ్చ పొట్లమే పెట్టాను పెద్దమ్మా. పసుపుదైతే మొరాయిస్తుంది."

"ముందు మీ పుస్తకం మొరాయించకుండా చూడు నాయనా," అంది మెయ్-ఫాంగ్.

సూ-చిన్ వెనక కుర్చీలో కూర్చుంది. నోరు విప్పకూడదని షరతు. పెట్టింది ఆమే.

మొదటి పేజీలు సాఫీగానే సాగాయి. మోటార్లను పటానికి కలిపే చోట మెయ్-ఫాంగ్ ఆగింది. పేజీ పైకీ కిందకీ జరిపి, వెనక్కి తిరిగింది.

"ఏమ్మాయ్, నిన్ను అడగొద్దన్నావు కదా?"

సూ-చిన్ తలూపింది.

"మరి 'ఇక్కడ ఆగిపోతే సూ-చిన్‌ను అడగండి' అని రాసుందేంటి?"

అందరూ గొల్లుమన్నారు. పో-లిన్ వంగి చూశాడు. "కింద కూడా ఉందక్కా. దాని కింద కూడా!"

అప్పుడు గుర్తొచ్చింది సూ-చిన్‌కు. కట్టినవాళ్ళను ఇదేం చేస్తుందని అడిగితే, "కోడ్‌లోనే ఉందిగా, చూసుకో" అని తప్పించుకునేవాళ్ళు. వాళ్ళ వెంటపడి వెంటపడి విసిగి, తెలియని చోటల్లా తన పేరే అతుకు వేసింది. పైగా ఎవరైనా వచ్చి అడిగినప్పుడు తనకూ బాగానే అనిపించేది. సిగ్గేసింది.

"షరతూ లేదు, ఏమీ లేదు. పో-లిన్, ఈ 'ఆలస్యం' గడిలో ఏడు అంకే ఎందుకు వేయాలి? కట్టింది నువ్వేగా," అంది సూ-చిన్.

"నేనే. కానీ ఎప్పటి మాట! మర్చిపోయినప్పుడల్లా నిన్నే అడుగుతున్నాగా."

"నువ్వప్పుడు చెప్పిందే నీకు తిరిగి చెప్తున్నానురా. నాకేం తెలుసు!"

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఇన్నేళ్ళ చాకిరీ ఇందుకా అనిపించింది సూ-చిన్‌కు.

మెయ్-ఫాంగ్ ల్యాప్‌టాప్‌ను పో-లిన్ ముందుకు తోసింది. "ఆవిడ చెప్తుంది, నువ్వు రాయి. నాకు అర్థం కాకపోతే మళ్ళీ రాయి."

"రాయడం కన్నా కట్టడమే తేలిక," అని సణుక్కుంటూనే రాశాడు. సూ-చిన్ పేరు ఒక్కోచోటా చెరిగిపోతూ వచ్చింది. ఆ 'ఆలస్యం' దగ్గరికి వచ్చేసరికి మాత్రం చెయ్యి ఆడలేదు.

"ఏదో ఒకటి రాసేద్దామా అక్కా?"

"రాస్తే మునిగేది మా వార్డు," అంటూ మెయ్-ఫాంగ్ ల్యాప్‌టాప్ లాక్కుని, రెండు వేళ్ళతో తానే కొట్టింది.

'ఇక్కడ ఏడు వేస్తే పనిచేస్తోంది. ఎందుకో మాలో ఎవరికీ తెలియదు. తెలిసినవాళ్ళు ఇక్కడే రాయండి.'

సూ-చిన్ ముఖం తెరకు ఆనించినంత దగ్గరగా పెట్టి చదివింది. తెలియదని రాయడానికి ఇన్నేళ్ళూ తనకు ధైర్యం చాలలేదు. దిద్దబోయిన చెయ్యి వెనక్కి తీసుకుని, సంచీ భుజాన వేసుకుంది.

"ఎక్కడికక్కా? ఇంకా సగం ఉంది!" అన్నాడు పో-లిన్.

"ఇంటికి. ఏదైనా కావాలంటే నన్ను..." అని అలవాటుగా మొదలుపెట్టి, మధ్యలోనే ఆపి, మెట్లు దిగిపోయింది.