బాబాయి పెట్టిన నొక్కు

వేడి చల్లారకముందే రేడియేటర్ మూత తీసిన ఘనత నాదే. ఆవిరికి చెయ్యి కాలింది. చర్మం మళ్లీ వచ్చింది గానీ కుడిచేతి వేళ్ల చివర్లకు స్పర్శ రాలేదు. స్టీరింగ్ తిప్పగలను, గేరు మార్చగలను. స్విచ్చుల దగ్గరే నా పరువు పోయింది. బడిపిల్లల వ్యాను మళ్లీ నడపాలంటే పరీక్ష నెగ్గాలి. మొదటిసారి వెళ్లినప్పుడు వైపరు వేయబోయి లైట్లు ఆర్పేశాను. ఏది నొక్కానో చూద్దామని తల దించేసరికి, పక్కన కూర్చున్న అధికారి బండి ఆపించేశాడు.

"రోడ్డు ముందుంది నాయనా, నీ ఒళ్లో లేదు" అన్నాడు.

ఇంకొక్క అవకాశం ఇస్తానన్నాడు. అదీ పోతే వ్యాను లేదు. వ్యాను నడపడం తప్ప నాకింకేమీ చేతకాదు.

మా ఆవిడది కార్ల స్విచ్చులు బాగుచేసే దుకాణం. ఆమె బల్ల నిండా స్ప్రింగులు, రాగి పలకలు, విప్పిపడేసిన ఇండికేటర్లు. ఎవరికైనా కళ్లు తిరుగుతాయి. ఆమెకు మాత్రం కావలసింది ఠక్కున చేతికొస్తుంది. ఇంటి తాళాలు రోజూ నేనే వెతికిపెట్టాలి, అది వేరే సంగతి.

"మీ వేళ్లు ఇక మారవు. స్విచ్చులే మారాలి" అంది, కూరలో ఉప్పు తగ్గిందన్నంత మామూలుగా.

బటన్ల మీద బొడిపెలు పెట్టింది. నాకు తెలియలేదు. గరుకు కాగితం అంటించింది. అదీ తెలియలేదు. ఏది చేసినా ముందు తనే పరీక్షించుకునేది. చేతికి మందపాటి తొడుగు వేసుకుని, కళ్లు మూసుకుని, బల్ల ముందే బండి నడిపేది. ఒకసారి "పక్కకు తప్పుకోండి!" అని అరిచింది కూడా. నేను నవ్వాపుకోలేక టీ ఒలకబోశాను. ఆమె నవ్వలేదు, ఆకురాయి తీసుకుని మళ్లీ అరగదీయడం మొదలుపెట్టింది. అది ఒరుసుకుని ఒరుసుకుని ఆమె బొటనవేలి పక్కన కాయకాసి గుంట పడింది. ఇక చాలించవే అంటే వినదు. నాకు కోపం వచ్చేది. ఆ కోపంలో సగం భయమే.

చివరికి, బటను కాస్త బలంగా నొక్కితేనే దిగేలా ఉంటే మణికట్టుకైనా తెలుస్తుందని ఆమెకు తోచింది. ప్లాస్టిక్ అచ్చులు పోసే బాబాయికి ఫోన్ చేసింది. సొంత బాబాయేం కాదు, వీధంతా అలాగే పిలుస్తుంది.

"బాబాయ్, నొక్కు బాగా తెలిసేలా ఉండాలి, సరేనా?"

"నాకొదిలెయ్యమ్మా!"

బటన్లు వచ్చాయి. సంచి విప్పితే ప్రతిదానికీ నడిమధ్య లోతుగా ఒక సొట్ట. ఆమె మళ్లీ ఫోన్ తీసింది.

"ఇదేంటి బాబాయ్, అన్నీ సొట్టలే!"

"నొక్కు బాగా తెలియాలని నువ్వే అన్నావు కదమ్మా! ఇంతకన్నా తెలిసేలా ఎవడు పెడతాడు?"

ఆయన లెక్కలో నొక్కంటే గిన్నె కింద పడితే పడేది. మా ఆవిడ తల పట్టుకుంది, నేను పొట్ట పట్టుకున్నాను. నవ్వుతూనే ఒక బటను మీద వేలు పెట్టాను. వేలు జారి గుంటలో కూర్చుంది. చర్మానికేమీ తెలియలేదు గానీ, వేలు కణుపు దగ్గర వంగింది. ఆ వంపు తెలిసింది. నా నవ్వు ఆగిపోయింది.

"ఏమే, ఇది తెలుస్తోంది."

ఆమె అరచేత్తో నా కళ్లు మూసి, ఇంకో బటను నా వేలి కింద పెట్టింది.

"ఇప్పుడు?"

"తెలుస్తోందే!"

ఆ తర్వాత ఆమె కూర్చున్న చోటు నుంచి లేస్తే ఒట్టు. వైపరుకు పొడుగు గుంట, లైట్లకు గుండ్రటిది, హారన్‌కు అడ్డంగా గాడి. ఏ రెండింటి మధ్యా వేలు పొరబడకూడదు. అన్నీ వ్యానులో బిగించింది. పొరపాటు బాబాయిదే కావచ్చు, దాన్ని పట్టుకుని పనికొచ్చే వస్తువు చేసిన బుర్ర మాత్రం మా ఆవిడది. ఈ మాట ఆమె ముందు అనను, తర్వాత పట్టలేం.

పరీక్ష రోజు వాన దంచికొట్టింది. అధికారి నా పక్కన, మా ఆవిడ వెనక సీట్లో.

"వైపర్!" అన్నాడు. వేశాను. "లైట్లు!" వేశాను. "హారన్!" కొట్టాను. నా చూపు రోడ్డు మీదే. ఆయనే ఆగలేక తల దించి స్విచ్చులు చూడసాగాడు.

"రోడ్డు ముందుంది సార్" అన్నాను.

ఆయన పకపకా నవ్వాడు. బండి ఆపాక ఒక్కొక్క గుంటలోనూ వేలు పెట్టి చూశాడు.

"ఎవరు చేశారయ్యా ఇవి?"

"వెనకున్నావిడే సార్."

ఆయన వెనక్కి తిరిగి మా ఆవిడకు నిండుగా నమస్కారం పెట్టాడు. "రేపటి నుంచి పిల్లల్ని ఎక్కించుకో" అని నాతో చెప్పి దిగిపోయాడు.

నేను ఎదురుగా అద్దం మీద వాన చూస్తూ ఉండిపోయాను. కళ్లు మసకబారితే వేయడానికి వైపర్లు లేవు కదా. వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. వెచ్చగా ఉందో చల్లగా ఉందో నా వేలికి తెలియదు. అది మాత్రం తనంతట తనే జారి, ఆ బొటనవేలి పక్కనున్న నొక్కులో కూర్చుంది.

"నువ్వే" అన్నాను, తల తిప్పకుండానే.