కాన్పు గది ముందు బెంచీ

"మీ పనిల ఆలోచన చేసేది ఏముంటదే? డాక్టరమ్మ రాస్తది, మీరిస్తరు. గంతే కద" అన్నాడు శ్రీధర్, భార్య సర్దుతున్న తన టిఫిన్ డబ్బాలోకి తొంగిచూస్తూ.

ప్రమీల చేతిలో గరిటె ఆగలేదు. మామకు చాయ, అత్తకు జొన్నరొట్టె, మొగుడికి డబ్బా. ఇవన్నీ అయ్యాక మిగిలింది తన జడ. దాన్ని ఆటోలో వేసుకోవచ్చు. "అవ్" అని ఊరుకుంది. వాదనకు దిగితే ఆటో పోతుంది.

బూర్గంపాడు దాటాక అడవి అంచున ఉన్న చిన్న ఆస్పత్రిలో ఆమె కాన్పుల నర్సు. ఆమె వెళ్లేసరికి సువర్ణ నొప్పులు పడుతోంది. పక్క తండా పిల్ల, తొలిచూలు. మొగుడు లారీ మీద ఉన్నాడు. వెంట వచ్చింది మామ కిషన్‌లాల్ ఒక్కడే. నొప్పులు బాగున్నాయి, లోపల బిడ్డ గుండె గుర్రంలా కొట్టుకుంటోంది. కానీ మధ్యాహ్నం కావస్తున్నా తల కిందికి దిగడం లేదు.

"కోత పెడ్తరా సిస్టర్? నాకు కోత వద్దు" అంది సువర్ణ, ప్రమీల మణికట్టు పట్టుకుని.

డాక్టర్ మనోజ్ఞ వచ్చి పొట్ట మీద చెయ్యి వేసి చూసింది. "మూత్రసంచి నిండిపోయిందండీ. అదే అడ్డం పడుతోంది. పొద్దుట్నించీ వెళ్లలేదా?"

ప్రమీలకు చురుక్కుమంది. తను రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ సువర్ణ "వస్తలేదు సిస్టర్" అంది. తను నమ్మి వదిలేసింది.

"ట్యూబు వేసి తీసేద్దాం. అప్పటికీ దిగకపోతే భద్రాచలం పంపాలి. ఆపరేషన్ తప్పదు."

"ట్యూబు ఇప్పటికి పనిజేస్తది మేడం. మల్ల నిండుతది. ఎందుకు పోతలేదో చూస్త, ఒక్క పది నిమిషాలియ్యండి."

మనోజ్ఞ తలూపింది. "పదే."

ప్రమీల మంచం పక్కన నిలబడి, ఏమీ అడగకుండా, సువర్ణను చూస్తూ ఉండిపోయింది. ఇంకో నొప్పి వచ్చింది. పిల్ల పళ్లు బిగించింది. నొప్పి శిఖరానికి చేరిన ఆ క్షణంలో, ఎవరైనా మంచం పట్టీ పట్టుకుంటారు, అమ్మను పిలుస్తారు. సువర్ణ చెయ్యి మాత్రం పైటకొంగును వెతికి, ముఖం మీదికి లాక్కుంది.

ఎవరిని చూసి?

ప్రమీల వెనక్కి తిరిగింది. తలుపు ఓరగా ఉంది. వరండాలో, ఫ్యాను కింద, బాత్రూం తలుపును ఆనుకుని ఉన్న బెంచీ మీద, ఎర్ర తలపాగాతో కిషన్‌లాల్. కోడలి మీద బెంగతో పొద్దున కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు.

ప్రమీల బయటికి నడిచింది. "బాపూ, నువ్వీడ కూసుంటే నీ కోడలు బాత్రూంకు పోతలేదు. నీ ముంగటికెళ్లి నడవాలె గద."

ముసలాయన ముఖం నల్లబడింది. "దూరముంటే ఏమైతదోనని ఈడనే కూసున్న బిడ్డా. గీ ముచ్చట నాకెవలు జెప్తరు?" లేచి, తువాలు దులుపుకుని, పక్కనే కునుకు తీస్తున్న అంబులెన్సు డ్రైవర్ను తట్టాడు. "లెవ్వురా. నువ్వు గూడ మొగోనివే. గేటు కాడికి నడు."

సువర్ణ వెళ్లింది. చాలాసేపు రాలేదు. వచ్చాక గదిలో నాలుగు అడుగులు నడిచింది, మోకాళ్ల మీద వాలింది. పొద్దు వాలకముందే ఆడపిల్ల పుట్టింది. కోత లేదు, భద్రాచలం లేదు. బిడ్డ ఏడుపు గేటు దాకా వినిపించినట్టుంది, అక్కణ్ణించే కేక వచ్చింది. "ఇప్పుడు రావచ్చునా బిడ్డా?"

మనోజ్ఞ నవ్వింది. "ఆ కొంగు నేనూ చూశానండీ. నాకేమీ తట్టలేదు. మీకెలా తట్టింది?"

"ఊకెనే మేడం" అంది ప్రమీల.

ఊరికేమీ కాదు. అత్తింట్లో బాత్రూం వాకిలి అవతల ఉంది, దారిలో మామ మంచం. ఆయన ఎప్పుడు పొలానికి పోతాడా అని ఆమె ఏళ్లుగా కాచుకుంటోంది. "మామ ముంగట కోడలి గాజులు గూడ మోగొద్దు" అని పెళ్లయిన కొత్తలోనే అత్త చెప్పింది. ఇక ఇక్కడ, సిస్టర్ల బాత్రూం నిండా విరిగిన మంచాలు, మందుల అట్టపెట్టెలు. ఉన్న ఇంకొకటి రోగులది, దానికి ఎప్పుడూ వరస. అందుకని డ్యూటీలో ఆమె నీళ్లు తాగదు. మూణ్ణెల్లకోసారి మూత్రంలో మంట పుడుతుంది, తనే మాత్రలు వేసుకుంటుంది. వచ్చిన ప్రతి ఆడమనిషికీ నీళ్లు బాగా తాగమని చెప్పేది కూడా తనే. లక్షణం తెలుసు, కారణం తెలుసు, మందూ తెలుసు. ఇన్నేళ్లలో ఈ రోగిని ఒక్కసారి కూడా పరీక్ష చేయలేదు, అంతే.

ఆమె చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, ఆయా ఎర్రమ్మను పిలిచింది. సిస్టర్ల బాత్రూం గొళ్లెం తీసి మొదటి అట్టపెట్టె బయటికి లాగింది.

"గిప్పుడెందుకు సిస్టర్ గీ పని? ఎవరన్న పేషెంటొస్తున్నదా?" అంది ఎర్రమ్మ, ఇంకో కొస పట్టుకుంటూ.

"వచ్చింది ఎర్రమ్మా. నేనే."