అల్లుడుగారి పాటల డబ్బీ

అలకపాన్పు మీద కూర్చున్న పెళ్ళికొడుకు ఏం అడుగుతాడో లోకమంతటికీ తెలుసు. ఉంగరం, వాచీ, కాస్త గడుసువాడైతే మోటారు సైకిలు. ఈ మూడింటికీ భీమరాజు ముందే సిద్ధపడి ఉన్నాడు. ఉంగరమంటే "అలాగే బాబూ" అనాలి. వాచీ అంటే "ఓస్, అంతేనా" అనాలి. మోటారు సైకిలంటే గట్టిగా నవ్వేసి, కండువా దులుపుకుని, వియ్యంకుడి వైపు చూడాలి. తీరా అల్లుడు సత్యప్రసాద్ బుద్ధిమంతుడిలా తల వంచుకుని, "ఎంపీత్రీ ప్లేయరండి" అన్నాడు.

భీమరాజుకి అదేమిటో తెలీదు. పోనీ అడుగుదామంటే పందిరి నిండా బంధువులు. అలిగి కూర్చున్న అల్లుణ్ణి "ఏంటీ, మళ్ళీ చెప్పండి" అని అడిగితే, ఇవ్వడానికి మామగారు నీళ్ళు నములుతున్నాడనే అంటారు. అందుకని క్షణం ఆలస్యం చెయ్యకుండా, "ఓస్, అంతేనా బాబూ! పదహారు రోజుల పండక్కి మీ చేతిలో పెడతాను" అనేశాడు. అల్లుడు పాన్పు దిగాడు. పక్కనే కూర్చున్న పెళ్ళికూతురు రమ్యశ్రీ దించిన తల ఎత్తలేదు. ఒక్కగానొక్క కూతురు సిగ్గుపడుతోందనుకుని భీమరాజు మురిసిపోయాడు.

అది రెండువేల ఆరు వేసవి. ఆ వస్తువు పాటలు వినడానికని మర్నాడు ఎవరో చెబితే భీమరాజుకి తెలిసింది. తెలిశాక ఒళ్ళు మండింది.

"పాటల కోసం అలిగేడా! ఆ పాటలేవో రేడియోలో రావా?" అని భార్య సత్తెమ్మ మీద ఎగిరాడు. ఆయన రేడియో వసారాలో మేకుకి వేలాడుతూ ఉంటుంది. పొద్దున్న వార్తలు, సాయంత్రం వ్యవసాయం కబుర్లు. దాన్ని ముట్టుకునే హక్కు ఆ ఇంట్లో ఆయన ఒక్కడిదే.

"ఈ మాట ఇదివరకు మనింట్లో విన్నట్టుందండీ" అంది సత్తెమ్మ బియ్యంలో మట్టిబెడ్డలు ఏరుతూ.

"ఏ మాట?"

"ఏం లేదులెండి. ఎండెక్కకుండా బయల్దేరండి."

పి.గన్నవరంలో బస్సెక్కి అమలాపురంలో దిగి, భీమరాజు తిన్నగా హరిబాబు కొట్టుకి వెళ్ళాడు. హరిబాబు టీవీలు, మిక్సీలు, ఇస్త్రీపెట్టెలు అమ్ముతాడు. భీమరాజు ఇంట్లో టీవీ అక్కడ కొన్నదే.

"మంచి ఎంపీత్రీ ప్లేయరొకటి ఇవ్వవయ్యా. మూడువేలలోపు. మా అల్లుడుగారికి" అన్నాడు, పుట్టినప్పటినుంచీ అవే కొంటున్నవాడిలా.

హరిబాబు అద్దాల బల్ల మీద ఒక అట్టపెట్టె బోర్లించాడు. బొటనవేలంతేసి వస్తువులు ఏడెనిమిది దొర్లాయి.

"ఇవేంటి? తాళంచెవులకి తగిలించుకునేవా?"

"ప్లేయర్లేనండి బాబూ. ఇంతదాంట్లో వందల పాటలు పడతాయండి."

భీమరాజు ఒకదాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. "రేపు పండగనాడు వెండి పళ్ళెంలో ఆకులూ పళ్ళూ పెట్టి, మధ్యలో దీన్ని పెడితే, వక్కేదో ఇదేదో మా వియ్యపురాలికి ఎలా తెలుస్తదయ్యా? పెట్టిన సొమ్ము నలుగురికీ కనపడొద్దా? కాస్త పెద్దది తియ్యి."

"ఈ సరుకు చిన్నదైనకొద్దీ ఖరీదండి."

"ఏ సంతలో ఉందయ్యా ఈ న్యాయం?"

హరిబాబు మర్యాదస్తుడు. నవ్వి ఊరుకుని, "వన్ జీబీది ఇమ్మంటారా, ఐదొందల పన్నెండు ఎంబీది ఇమ్మంటారా అండి?" అన్నాడు.

"ఐదొందల పన్నెండుదే ఇవ్వు. కొత్తల్లుడు. ఒకటి ఏ మూలకి?"

"ఒకటే పెద్దదండి."

"ఒకటి, ఐదొందల కంటే పెద్దదా?"

"ఆయ్."

భీమరాజు చుట్టూ చూశాడు. తనతో ఆటలాడుతున్నాడేమో అనిపించింది గానీ, హరిబాబు మొహంలో ఆటేమీ కనిపించలేదు. ఆ మీదట ప్రశ్నలు మొదలయ్యాయి. ఎఫ్ఫెమ్ము ఉన్నదా, లేనిదా? ఛార్జింగు పెట్టేదా, సెల్లు వేసేదా? గొంతు రికార్డు చేసేదా, చెయ్యనిదా? ఒకటి ఉంటే ఒకటి లేదు. రికార్డింగు ఉన్నదానికి ఎఫ్ఫెమ్ము లేదు. ఎఫ్ఫెమ్ము ఉన్నదానికి సెల్లు లేదు. అన్నీ ఉన్నది పదివేలు.

"ఇవన్నీ నాకెందుకు? మంచి పాటలున్నది చూసి ఇచ్చెయ్" అన్నాడు విసిగిపోయి.

"పాటలుండవండి. మనమే కంప్యూటర్లోంచి ఎక్కించుకోవాలండి."

"పాటల డబ్బీలో పాటలుండవా! రేపు కొబ్బరికాయ అమ్మి, నీళ్ళు వేరే కొనుక్కోమంటావేంటి?"

ఆ అరుపుకి మిక్సీ బేరమాడుతున్నవాళ్ళు ఇటు తిరిగారు. హరిబాబు తన ఫోను తీసి ఆయన చేతిలో పెట్టాడు. "అల్లుడుగారినే అడిగేస్తే పోద్ది కదండీ."

అడగడమంటే భీమరాజుకి ప్రాణసంకటమే. కానీ చేసేదేముంది? మలికిపురం అల్లుడి ఇంటికి కలిపించాడు.

"మీ ఇష్టం మావయ్యగారండీ. ఏదైనా పర్లేదండి" అన్నాడు సత్యప్రసాద్. భీమరాజు ప్రాణం లేచొచ్చింది. ఇంతలో అవతల ఏదో గుసగుస, గాజుల చప్పుడు. సత్యప్రసాద్ గొంతు మళ్ళీ వచ్చింది. "అదేనండి, సెల్లు వేసుకునేదైతే బాగుంటదండి. కరెంటు ఉండట్లేదు కదండీ. రికార్డింగు కూడా ఉంటే..."

సెల్లూ రికార్డింగూ రెండూ ఉన్నది ఆ కొట్లో లేదు. హరిబాబు రాజమండ్రి నుంచి తెప్పిస్తానన్నాడు. ఆ వారమంతా "సరుకు ఇంకా రాలేదండి, వచ్చేస్తదండి" అని ఎంతో గౌరవంగా చెబుతూనే ఉన్నాడు. గౌరవానికేం లోటు లేదు, వస్తువే లేదు. ఓపిక చచ్చి భీమరాజు పక్క వీధిలో ఇంకో రెండు కొట్లు ఎక్కి దిగాడు. నాలుగో కొట్లో మాత్రం ఆయన మొహం విప్పారింది. అరచేయంత ప్లేయరు, నల్లగా నిగనిగలాడుతోంది, పైన బొమ్మలు కనిపించే అద్దం కూడా ఉంది. మూడువేలకి వంద తక్కువ. పళ్ళెంలో పెడితే నిండుగా ఉంటుంది. కట్టించెయ్యబోయి, ఎందుకైనా మంచిదని ఫోను చేశాడు.

"బాగుంటదండి మావయ్యగారూ" అన్నాడు అల్లుడు. గాజులు చప్పుడయ్యాయి. "అంటే... అంత పెద్దది వద్దండి. చిన్నది, మెడలో వేసుకోడానికి తాడుంటదండి, అలాంటిది. ఊదా రంగులో దొరికితే మరీ మంచిదండి."

ఆ సాయంత్రం భీమరాజు కాళ్ళు కూడా కడుక్కోకుండా వసారాలో కూలబడ్డాడు. "ఊదా రంగంట! మెడలో వేసుకుంటాడంట! మీసాలొచ్చిన మగాడు మెడలో డబ్బీ కట్టుకుని ఊరేగుతాడా? ఏం సంబంధం చేసేనే నేను? పిల్లని ఎవడి చేతిలో పెట్టేను?"

"బంగారంలాంటి కుర్రాడండీ" అంది సత్తెమ్మ. ఆవిడ కొంగుతో మూతి తుడుచుకుంది గానీ, ఆ కొంగు చాటున నవ్వుతోందని ఆయన గమనించలేదు.

"బంగారమైతే ఉంగరం అడిగి చావొచ్చుగా! ఒక్కపూటలో చేయించి పడేద్దును!"

చివరికి రెండు రోజుల్లో పండగనగా రాజమండ్రి సరుకు దిగింది. ఊదా రంగు, ఒక జీబీ, సెల్లు వేసేది, రికార్డింగు, తాడు. ఎఫ్ఫెమ్ము మాత్రం లేదు. భీమరాజుకి దాన్ని చూస్తే సంతోషం కలగలేదు. చూపుడువేలంత కూడా లేని ఆ వస్తువు కోసం ఇన్నిసార్లు బస్సెక్కి దిగినందుకు ఏడుపొచ్చింది. "పాటలు నువ్వే ఎక్కించెయ్. పెట్టె మాత్రం పెద్దది చూసి ఇవ్వు" అన్నాడు హరిబాబుతో. ఏ పాటలని అడిగితే, "ఏవో ఒకటి. మోగితే చాలు" అన్నాడు. హరిబాబు ప్లేయరుని పత్తిలో చుట్టి, ఇస్త్రీపెట్టె తాలూకు ఖాళీ డబ్బాలో పెట్టి, తళతళలాడే కాగితం అంటించి ఇచ్చాడు.

ఆ ఎత్తు పారింది. పండగనాడు వెండి పళ్ళెం నిండిపోయింది. పీటల మీద అల్లుడు అందుకుంటుంటే వియ్యపురాలు మెడ సాచి చూసింది, పెద్దదే ఏదో ఇచ్చేరని బంధువులు చెవులు కొరుక్కున్నారు. భీమరాజు మీసం దువ్వుకున్నాడు. పూతరేకులూ పనసపొట్టు కూరా అందరూ మెచ్చుకున్నారు.

భోజనాలయ్యాక, అల్లుడు పాటలు వింటూ ఎలా ఉన్నాడో కళ్ళారా చూద్దామని ఆయనకి బుద్ధిపుట్టింది. అంత తిరిగినవాడికి ఆ మాత్రం ఆశ ఉండదా? గదిలోకి తొంగి చూశాడు. సత్యప్రసాద్ నోరు తెరుచుకుని గురకపెడుతున్నాడు. ఇస్త్రీపెట్టె డబ్బా మంచం కింద ఖాళీగా పడి ఉంది.

ఆయన పెరటివైపు వెళ్ళాడు. వెనక మెట్ల మీద రమ్యశ్రీ కూర్చుని ఉంది. మెడలో పసుపుతాడు పక్కన నల్లతాడు, దానికి ఊదా రంగు డబ్బీ. చెవుల్లో తీగలు. కళ్ళు మూసుకుని, డబ్బీ వైపు చూడకుండానే బొటనవేలితో మీటలు నొక్కుతోంది. ఎన్నేళ్ళనుంచో చేతిలో ఉన్న వస్తువులా నొక్కుతోంది.

అడుగుల చప్పుడు వినపడిందో, నీడ పడిందో, కళ్ళు తెరిచి గబుక్కున చెవుల్లోంచి తీగలు లాగేసి లేచి నిలబడింది. ఆ లేవడం చూసి భీమరాజుకి ఏదోలా అయింది.

"అల్లుడుగారు వినరా?" అన్నాడు.

"ఆయనకి పాటలంటే అంత ఇష్టం లేదండి నాన్నగారూ."

"మరి అలిగి అడిగేడుగా?"

"నేనే అడగమన్నానండి."

"రంగు? తాడు?"

"నేనే చెప్పించేనండి."

భీమరాజుకి కోపం ముంచుకొచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలీలేదు. పదహారు రోజులుగా తిట్టడానికి అల్లుడొకడు ఉండేవాడు, ఇప్పుడు వాడూ లేకుండా పోయాడు. "అతనిచేత అడిగించడమేంటమ్మా? నన్నడగొచ్చు కదా?"

"అడిగేనండి" అంది రమ్యశ్రీ. "ఇంటర్లో ఫస్టు క్లాసొచ్చినప్పుడు వాక్‌మన్ అడిగేను. డిగ్రీలో మా క్లాసు సుందరి చేతిలో చూసి, అచ్చం ఇలాంటిదే అడిగేను. రేడియో ఉంది కదా అన్నారండి రెండుసార్లూ."

నిష్ఠూరంగా అనలేదు. పాల లెక్క చెప్పినట్టు చెప్పింది. ఆ రెండుసార్లలో ఒక్కసారి కూడా ఆయనకి గుర్తు లేదు. గుర్తు పెట్టుకునేంత సంగతిగా ఆ రోజు తోచలేదు. అల్లుడు అడిగిన మాట మాత్రం పడుకున్నా లేచినా చెవుల్లో గింగురుమంటూనే ఉంది.

"దీనికోసం చాలా తిరిగేరటండీ. అమ్మ చెప్పింది" అంది రమ్యశ్రీ తాడుని వేలికి చుట్టుకుంటూ. "చాలా థాంక్సండి నాన్నగారూ."

ఆ మాటకి ఆయన తలెత్తలేకపోయాడు. కూతురికోసం నాలుగు కొట్లు తిరగడం ఆయన జన్మలో అదే మొదటిసారి. కూతురికోసమని తెలిసుంటే ఒక్క కొట్టు గుమ్మం కూడా ఎక్కేవాడు కాదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, ఎదురుగా నిలబడ్డ పిల్లకీ తెలుసు.