ఎత్తు చక్రాలు

రేపు ఉదయం శృంగవరపుకోటలో మేజిస్ట్రేటు ముందు వీరభద్రరావు నోరు విప్పితే, ఆయన బావమరిది రమణమూర్తి జైలుకెళతాడు. అరకులో ఆ సంగతి తెలియనివాళ్ళు లేరు.

మూడు నెలల కిందట కలప డిపోలో, కింద మనుషులు ఉండగానే, వాలు మీద పేర్చిన దుంగల గొలుసు విప్పించాడు రమణమూర్తి. బుధు అనే కూలీ దుంగల కింద నలిగిపోయాడు. చూసిన కూలీలంతా రమణమూర్తికి భయపడి చూడలేదన్నారు. చూశానని చెప్పడానికి సిద్ధపడినవాడు వీరభద్రరావు ఒక్కడే.

అయినా 1927 జనవరిలో, మంచు ఇంకా విడని ఆ ఉదయం, బావను సాగనంపడానికి వచ్చింది రమణమూర్తే. కారు ముందు భాగం మీద చెయ్యి వేసి నవ్వుతూ నిలబడ్డాడు.

"నువ్వు చెప్పాల్సింది చెప్పు బావా. నా మీద కోపం కారు మీద చూపించకు. విశాఖపట్నం తీసుకెళ్ళి పెద్ద చక్రాలు వేయించాను. ఇక రాళ్ళు అడుగున తగలవు. చదును మీద గాలిలా పోతుంది. పదింటికల్లా అనంతగిరి దాటేస్తావు."

డ్రైవరు రత్నాలు కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. మూడేళ్ళుగా దాన్ని నడుపుతున్నది అతనే. చలిజ్వరంతో నెల్లాళ్ళు విజయనగరంలో పడి ఉండి, రాత్రే వచ్చాడు. ఇద్దరు మనుషులూ నాలుగు మూటలూ పట్టే పొట్టి కారు అది. ఇరవై ఆరు అంగుళాల పాత చక్రాల బదులు ఇప్పుడు ముప్ఫై ఒకటి. మనిషి మునివేళ్ళ మీద నిలబడి గోడ అవతలికి తొంగిచూస్తున్నట్టుంది.

"ఖాళీగా నేనే నడుపుకొచ్చానురా. బంగారంలా ఎక్కింది," అన్నాడు రమణమూర్తి.

బయలుదేరారు. లోయలో దారి చదును. ముల్లు ఇరవై మైళ్ళ వేగం చూపిస్తోంది. వీరభద్రరావు జేబు గడియారం తీసి మైలురాళ్ళకేసి చూశాడు.

"రెండు నిమిషాలకో రాయి దాటుతున్నాం. అంటే ముప్ఫై మీద ఉన్నాం. నీ ముల్లు అబద్ధమాడుతోందిరా."

"సక్రం పెద్దదైపోనాది కదా బాబూ. ఒక్క సుట్టుకి ఎక్కువ దూరం పోతాది. ఆ సంగతి ముల్లుకి తెల్దు."

చెప్పాడు గాని రత్నాలుకే ఆ జవాబు నచ్చలేదు. చక్రం అయిదంగుళాలు పెరిగితే ముల్లు నాలుగు మైళ్ళు తప్పాలి. పది ఎలా తప్పింది?

గాలికొండ ఎక్కుడు మొదలయ్యేసరికి ఆ ప్రశ్న మరిచిపోయాడు. కారు ఎక్కడం లేదు. మొదటి గేరులో రెండు వంపులు తిరిగి, మూడో వంపులో ఊపిరాగినట్టు ఆగిపోయింది. రత్నాలు దిగి చక్రం కింద రాయి పెట్టాడు. మూటలు సగం దించి చూశాడు. లాభం లేదు. అన్ని గేర్లలోనూ బలమైనది వెనక్కి నడిపే గేరే. దారి వెడల్పైన చోట కారును తిప్పి, మెడ వెనక్కి తిప్పి, వెనక్కి వెనక్కి ఎక్కించాడు. దారిలో ఇంజను వేడెక్కితే నాలుగుసార్లు వాగు నీళ్ళు పోశాడు. గంట పట్టే ఎక్కుడుకి నాలుగు గంటలు పట్టింది.

ఘాటీ తల మీద, ఎక్కుడు ముగిసి దిగుడు మొదలయ్యేచోట, సోములమ్మ గుడిసె. దాని పక్కన వరసగా దుంగలు. దిగే ఎడ్లబండి ప్రతిదానికీ వెనక ఒక దుంగ కట్టి పంపడం ఆమె పని. దుంగ నేలను రాసుకుంటూ బండిని పట్టి ఉంచుతుంది. అడుగుకి చేరాక బండివాళ్ళు దాన్ని విప్పేస్తారు. ఎక్కివచ్చే బళ్ళు మళ్ళీ పైకి చేరుస్తాయి. చచ్చిపోయిన బుధుకి ఆమె పెళ్ళాం.

"ఏటి తమ్ముడూ, ఎనక్కెనక్కి వత్తన్నావు. మాకు మొకం సూపించలేకపోనావేటి?"

"నవ్వప్పా, నవ్వు. ముందు గేర్లో ఎక్కనేదు."

సోములమ్మ నవ్వు ఆగింది. దగ్గరికొచ్చి చక్రాన్ని ఆనుకుని నిలబడింది. బళ్ళ చక్రాలను ఆమె తన ఒంటితోనే కొలుస్తుంది.

"కిందటేడు ఈ సక్రం నా మోకాలు దాటీది, అంతే. ఇప్పుడు తొడ కాడికొచ్చినాది. దుంగ కట్టుకో."

"ఇది ఎడ్లబండి కాదు సోములమ్మా," అన్నాడు వీరభద్రరావు. "దీనికి ఇంజనుంది. దిగేటప్పుడు అదే పట్టుకుంటుంది."

"ఎక్కించనేని ఎడ్లు దిగినప్పుడు ఆపగలవా బాబూ? సక్రం పొడుగైతే బండి ఊరుకోదు, తోసేత్తాది. పొడుగు సక్రానికి బరువు దుంగ. మా అత్త కాడ్నించీ అదే లెక్క."

రత్నాలు చేతిలో నీళ్ళ డబ్బా అలాగే ఉండిపోయింది. ఆమె ఎడ్ల గురించి మాట్లాడుతోంది. కాని చెప్పింది గేరు సంగతే. ఎక్కేటప్పుడు లాగలేని గేరు దిగేటప్పుడు బిగబట్టనూ లేదు. మరి ఒక్క చక్రానికే ఇంత బలం పోతుందా?

ఇంజను చేతికి తేలిగ్గా తిరగడానికి గబగబా ప్లగ్గులు ఊడదీశాడు. ఇంజను తిరుగుడు నేరుగా ఇరుసుకి అందే టాప్ గేరు వేశాడు. వెనక చక్రం మీద నేలకి తగిలేచోట సుద్దతో గీత పెట్టాడు.

"అప్పా, ఎనకనించి మెల్లగా తొయ్యి. బాబూ, ఆ గీత తిరిగి కిందకొచ్చినప్పుడు సెప్పండి."

కారు ముందు కూర్చుని ఇంజను తిప్పే హేండిల్ పట్టి తిప్పసాగాడు. చక్రం ఒక్క చుట్టు తిరగాలంటే హేండిల్ అయిదు చుట్లు తిరగాలి. మూడేళ్ళుగా అతనికి ఒంటికి తెలిసిన లెక్క అది. ఒకటి. రెండు. మూడు. నాలుగు.

"వచ్చింది," అన్నాడు వీరభద్రరావు.

"సరిగ్గా సూడండి బాబూ."

"గీత నేల మీదే ఉందిరా."

రత్నాలు హేండిల్ వదిలి వెళ్ళి గీత తనే చూసుకున్నాడు. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ నాలుగే.

"బాబూ, మార్చింది సక్రాలొక్కటే కాదు. ఎనక ఇరుసు లోపల పళ్ళ సక్రం కూడా మార్చీసినారు. రెండూ కలిత్తే ఇప్పుడు మన మొదటి గేరంటే పాత రెండో గేరు. ఘాటీలో అది పట్టదు. బ్రేకులేమో పాత పొట్టి సక్రాలకి సేసినవి."

"వాడు చెప్పడం మరిచిపోయుంటాడు."

"సక్రాల సంగతి ఊరందరికీ సెప్పేరు కదా బాబూ."

వీరభద్రరావు రాయి మీద కూలబడ్డాడు. ఏదీ కోయలేదు, ఏదీ విరగ్గొట్టలేదు. బ్రేకు తీగలు కొత్తవి, మరలు బిగువుగా ఉన్నాయి. లోయలో పడ్డాక ఎవరు వచ్చి చూసినా కారులో తప్పు కనిపించదు. డ్రైవరు చేతకానివాడంటారు.

"నా పెళ్ళిలో వాడికి అయిదేళ్ళు," అన్నాడు. "పీటల మీద నా ఒళ్ళో కూర్చుని నిద్రపోయాడు."

లేచి దుంగల వైపు నడిచాడు.

"కట్టు," అన్నాడు.

సోములమ్మ తన దగ్గరున్న వాటిలో పెద్ద మద్ది దుంగ దొర్లించుకొచ్చింది. గొలుసు ముడి తనే వేసి, రెండుసార్లు లాగి చూసింది.

"దుంగ కింద ఒగ్గీ బాబూ. మా బుధు మాట మాత్రం ఒగ్గీకు."

రత్నాలు ప్లగ్గులు మళ్ళీ బిగించాక దిగడం మొదలైంది. మొదటి వాలులోనే రత్నాలుకి తెలిసిపోయింది. మొదటి గేరులో ఉన్నా కారు ముందుకు ఉరుకుతోంది. వెనక దుంగ రాళ్ళను గీరుకుంటూ, దుమ్ము రేపుతూ పట్టి లాగుతోంది. మూడో వంపు దాటేసరికి బ్రేకుల నుంచి కాలిన వాసన లేచింది.

నాలుగో వంపు దగ్గర దారి మీద నున్నటి బండ పరుచుకుని ఉంది. దుంగ బండ మీదికెక్కగానే గీరుడు చప్పుడు ఒక్కసారి ఆగిపోయింది.

కారు ఎగిరినట్టు ముందుకు పోయింది. రత్నాలు కాలి బ్రేకూ చేతి బ్రేకూ బిగించి స్టీరింగు కొండవైపు తిప్పాడు. పాదం కింద ఏమీ లేనట్టే ఉంది. వీరభద్రరావుకి ఎదురుగా దారి కనబడలేదు. చెట్ల తలలు కనబడ్డాయి. అయిదు గజాలు. పది గజాలు. బండ దాటి దుంగ మట్టిలోకి దిగబడింది. గొలుసు టంగుమంది. ఇద్దరి తలలూ ముందు అద్దానికి కొట్టుకున్నాయి. కారు నిలిచింది.

ఎడమ ముందు చక్రానికీ దారి అంచుకీ మధ్య రెండు మూరలు.

కాసేపటికి కారు మళ్ళీ కదిలింది. వంపు తిరగగానే అనంతగిరి మనుషులు నలుగురు దారి పక్కన కూర్చుని చుట్టలు కాలుస్తున్నారు. వాళ్ళ పక్కన కర్రలకు దుప్పట్లు కట్టిన డోలీలు రెండు. ఒక్కోదాని మీద మడతపెట్టిన తెల్లబట్ట.

"ఎవరి కోసం డోలీలు?" అడిగాడు వీరభద్రరావు.

వాళ్ళలో పెద్దవాడు ఎత్తు చక్రాలకేసీ, వెనక దుంగకేసీ, కారులో ఉన్న ఇద్దరికేసీ వింతగా చూశాడు.

"రమణమూర్తి బాబు మనిషిని పంపీసినారు. ఈ మలుపులో కారు పడిపోనాది, రెండు పీనుగులున్నాయి, బేగి ఎల్లి శృంగవరపుకోటకి దించీయండని. లోయంతా దిగి ఎతికేం బాబూ. కారూ నేదు, పీనుగులూ నేవు. ఇంకా పడనేదేటో అని కూకున్నాం."

రత్నాలు లెక్క వేశాడు. రమణమూర్తి లెక్క ప్రకారం పదింటికే పడాలి తాము. ఖాళీ కారును ఎక్కించి చూసుకున్నాడు గాని, బరువుతో ఎక్కదని అతనికి తట్టలేదు. అతను వేయించిన చక్రాలే ఎక్కుడులో మూడు గంటల పొద్దు తినేశాయి.

"ఆ మనిషి అరకులో ఎప్పుడు బయల్దేరాడట?" అడిగాడు వీరభద్రరావు.

"కోడికూతేల అంట బాబూ. అడ్డదారినొచ్చీసినాడు."

కోడికూత వేళకి తను ఇంకా నిద్ర లేవలేదు. అంటే కారు మీద చెయ్యి వేసి నవ్విన ఆ నవ్వు, ఆ కబురు పంపిన తరవాతది. వీరభద్రరావు గడియారం తీశాడు. టైము చూడకుండానే మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"మీరు నలుగురూ నాతో కోట రావాలి. ఇప్పుడు నాకు చెప్పింది రేపు మేజిస్ట్రేటుకి చెప్పాలి."

"వత్తాం. మరి డోలీలేటి సెయ్యమంతారు?"

"అవి కూడా తీసుకురండి. ఆ తెల్లబట్టలతో సహా."

రత్నాలు బ్రేకు సడలించాడు. ముందు కారు, దాని వెనక దుంగ, దుంగ లేపిన దుమ్ములో ఖాళీ డోలీలు రెండు, మనిషి నడిచే వేగంతో కొండ దిగసాగాయి.